ద్రోగా అంటే ద్రోహమే కదా!

నాకు ఇటాలియన్ రాదు. ఆ ముక్క దాచిపెట్టి, ఇటాలియన్ పాటల మీద సాహిత్య మిత్రుల ముందు అరగంట ప్రసంగం దంచాను. అందులో సగం ఒక్క మాట మీదే.

రోమ్‌కు చెందిన మెటామోర్ఫోసి బృందం 1973లో ‘ఇన్‌ఫెర్నో’ అనే ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్ తెచ్చింది. డాంటే ‘డివైన్ కామెడీ’లోని నరకయాత్రే కథ. ఎన్రికో ఒలివియేరి కీబోర్డుల హోరు మీద జిమ్మీ స్పిటలేరి ఒపెరా ఫక్కీలో గొంతెత్తుతాడు. నేను అనువాదం ఒళ్లో పెట్టుకుని, పుస్తకం మీద వేలు జరుపుకుంటూ విన్నాను. నరకద్వారం వచ్చింది, పుస్తకంలో ఉంది. పడవవాడు కారోన్తే వచ్చాడు, ఉన్నాడు. తర్వాతి పాట ‘స్పచ్చాతోరె ది ద్రోగా’. వీడు మాత్రం ఎక్కడా లేడు! ఆ వెంటనే భూకంపం. అది మళ్లీ మూడో సర్గ చివర భేషుగ్గా ఉంది.

లాటిన్ బిడ్డ ఇటాలియన్, లాటిన్‌కేమో సంస్కృతం చుట్టం. కాబట్టి ద్రోగా అంటే ద్రోహం! అయితే డాంటే లెక్కలో ద్రోహులుండేది అట్టడుగున, తొమ్మిదో వలయపు మంచులో. వీడు వాకిట్లోనే ఎందుకు ఎదురయ్యాడు? ద్రోహం గుమ్మంలోనే మొదలవుతుందని ఆ బృందం హెచ్చరిక అన్నాను. పుస్తకంలో లేదంటే అనువాదకుడు ఎగ్గొట్టాడని బల్లగుద్ది మరీ చెప్పాను. ఒకాయన నోట్సు కూడా రాసుకున్నారు. ఆ ఊపులో గిటార్‌నూ తెగ మెచ్చుకున్నాను. బృందంలో గిటారిస్టు లేడని తర్వాత తెలిసింది.

పొగుడుతుందనే ఆశతో, మిలాన్‌లో చదువుతున్న మేనకోడలికి ఆ రికార్డింగ్ పంపాను. ఫోన్ చేసి, నవ్వు ఆగాక అంది: “మావయ్యా, ద్రోగా అంటే డ్రగ్స్. వాడు మత్తుమందులు అమ్మేవాడు.”

అవును మరి. ఆ ఆల్బమ్ నరకంలో దోపిడీదారులున్నారు, జాత్యహంకారులున్నారు. చివర్లో లూసిఫర్ పక్కనే బ్రాకెట్లో రాజకీయ నాయకులు. ఆ బృందం తన కాలపు పాపులను నరకంలో పెట్టింది. డాంటే చేసిందీ ఇదే. తన కాలపు పోపు మూడో నికోలస్‌ను గోతిలో తలకిందులుగా దిగేశాడు. నేనేమో ఇరవయ్యో శతాబ్దపు డ్రగ్స్ వ్యాపారిని పధ్నాలుగో శతాబ్దపు పుస్తకంలో వెతికి, దొరకలేదని అనువాదకుడి మీద దొంగతనం మోపాను.

నోట్సు రాసుకున్నాయన నిన్న ఫోన్ చేశారు. అనువాదకుడు ఎగ్గొట్టిన భాగం మూలంలో ఏ పేజీలో ఉందో కావాలట. మళ్లీ చేస్తానని పెట్టేశాను. పొద్దున్నుంచి మూడుసార్లు మోగింది.