సెంట్రింగ్ వరుసకు టీకా తాత్పర్యం

మూలం

14 — సెంట్రింగ్ — 4 డేస్? — ########

(వరుస మొత్తం బొద్దు అక్షరాల్లో ఉంది. పని పేరు ఎర్రగా ఉంది.)

అవతారిక

ఈ వరుస మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో తయారైన ఒక ఇంటి నిర్మాణ షెడ్యూలులోనిది, గాంట్ చార్ట్ వ్యూలో కనిపించేది. షెడ్యూలు వేసిన ఇంజనీరు కోరింది పని పేరు, 6 రోజుల గడువు, మొదలయ్యే తేదీ. తెర మీదికి వచ్చింది పై పాఠం. ఇందులోని దోషాలన్నీ ఒకే జాతివిగా తోస్తాయి గానీ, కావు. కొన్ని రూపదోషాలు: అవి రంగుకో గడి వెడల్పుకో సంబంధించినవి. కొన్ని అర్థదోషాలు: అవి షెడ్యూలులోనే జరిగిన పొరపాటును తెర మీద చూపేవి. ఏది ఏ జాతిదో తేల్చడం ఈ టీకకు ప్రయోజనం.

ప్రతిపదార్థం

14 = వరుస సంఖ్య. పైన కొత్త వరుస చేరితే 15 అవుతుంది. మారని సంఖ్య కావలసినవారికి యూనిక్ ఐడీ అనే వేరే కాలమ్ ఉంది.

సెంట్రింగ్ = స్లాబు పోయడానికి ముందు కింద కర్రలు నిలిపి, పైన రేకులు పరిచే పని.

బొద్దు అక్షరాలు = ఈ వరుస సమ్మరీ టాస్క్ అయిందని అర్థం. కింద ఉన్న 'ఇనుము కట్టడం' వరుసను ఎవరో ఇండెంట్ చేశారు. దానితో సెంట్రింగ్ తల్లి వరుస, ఇనుము పిల్ల వరుస అయ్యాయి.

4 డేస్ = సెంట్రింగ్‌కు పట్టే కాలం కాదు, ఇనుము కట్టడానికి పట్టే కాలం. ఆటో షెడ్యూలులో సమ్మరీ టాస్క్ గడువు పిల్ల వరుసల నుంచే లెక్కకు వస్తుంది గనుక ఇంజనీరు రాసుకున్న 6 రోజులు మరుగున పడ్డాయి.

? = గడువు ఇంకా అంచనాయే, ఖాయం కాలేదు అని సూచన. పిల్ల వరుసల్లో ఒక్కదాని గడువు అంచనాగా ఉన్నా తల్లి వరుసకు ఈ గుర్తు అంటుకుంటుంది.

######## = తేదీ పట్టేంత వెడల్పు కాలమ్‌కు లేదు. తేదీ చెడలేదు. శీర్షిక కుడి అంచు మీద డబుల్ క్లిక్ చేస్తే కాలమ్ దానంతటదే సరిపోయేంత అవుతుంది.

ఎరుపు = పని క్రిటికల్ (ఆలస్యమైతే మొత్తం నిర్మాణాన్నే ఆలస్యం చేసేది) అని తెలిసి ఇంజనీరు తన చేత్తో వేసిన రంగు.

పూర్వపక్షం

బొద్దు అక్షరాలు నచ్చకపోతే వరుసను పట్టుకుని బోల్డ్ బటన్ నొక్కితే పోతాయి. ప్రశ్నార్థకం నచ్చకపోతే ఆప్షన్స్‌లో దాన్ని చూపవద్దని చెప్పవచ్చు. ఇంత చర్చ దేనికి?

సిద్ధాంతం

అక్షరం సన్నబడినా వరుస సమ్మరీగానే ఉంటుంది, గడువు 4 గానే ఉంటుంది, బొమ్మలో పట్టీ సమ్మరీ రూపంలోనే నిలుస్తుంది. రోగం ఉండి లక్షణం మాత్రం పోయిన స్థితి ఇది. సరైన చికిత్స 15వ వరుసను, అంటే 'ఇనుము కట్టడం' వరుసను, ఔట్‌డెంట్ చేయడం. ఆల్ట్, షిఫ్ట్ నొక్కిపట్టి ఎడమ బాణం నొక్కితే చాలు. బొద్దుతనం తనంతట తానే పోతుంది. గడువు గడిలో 6 ఉందో లేదో చూసి, లేకపోతే మళ్ళీ టైపు చేయాలి. ప్రశ్నార్థకం లేకుండా టైపు చేసిన గడువు ఖాయమైనట్టే లెక్క.

టీక

ఇక ఎరుపు సంగతి. వ్యాకరణశాస్త్రంలో సామాన్య విధిని ఉత్సర్గం అనీ, దాన్ని ప్రత్యేక సందర్భంలో తోసిపుచ్చే విశేష విధిని అపవాదం అనీ అంటారు. రెండూ ఎదురుపడితే అపవాదానిదే గెలుపు. ఈ సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. టెక్స్ట్ స్టైల్స్ ఉత్సర్గం: క్రిటికల్ పనులన్నీ ఇలా ఉండాలి, మైలురాళ్ళన్నీ అలా ఉండాలి అని వర్గానికంతటికీ చెప్పే విధి. ఒక వరుసను పట్టుకుని రంగు వేయడం అపవాదం. అందుకే టెక్స్ట్ స్టైల్స్‌లో క్రిటికల్ పనులకు నీలం ఎంచుకుంటే అన్నీ నీలమైనా సెంట్రింగ్ మాత్రం ఎర్రగానే మొండికేస్తుంది. టాస్క్ ట్యాబ్‌లోని క్లియర్ ఫార్మాటింగ్ ఆ అపవాదాన్ని రద్దు చేస్తుంది.

చేతి రంగుకు ఇంకో లోపం ఉంది. 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థలవారు రూపొందించిన క్రిటికల్ పాత్ పద్ధతిలో ఏ పని క్రిటికల్ అన్నది లెక్కతో తేలుతుంది. లెక్క మారితే ఆ హోదా మారుతుంది. వేరే పనికి రావలసిన ఇసుక లారీ ఆలస్యమై సెంట్రింగ్‌కు వెసులుబాటు దొరికితే అది క్రిటికల్ కాదు, అయినా చేతి ఎరుపు అలాగే ఉంటుంది. కొత్తగా క్రిటికల్ అయిన పనికి ఆ ఎరుపు రాదు. వర్గశైలి వేసినచోట రంగు లెక్క వెంట నడుస్తుంది.

పట్టీలకూ ఇదే న్యాయం. బార్ స్టైల్స్ ఉత్సర్గం, ఒక్క పనికి చేసే ఫార్మాట్ బార్ అపవాదం, అందులోని రీసెట్ బటన్ పరిహారం. బార్ స్టైల్స్ పట్టికలో వరుసక్రమం కూడా ముఖ్యం: కిందివరుసలో ఉన్న శైలి పైవరుస శైలి మీద గీయబడుతుంది. కనుక కనబడకుండా పోయిన పట్టీని వెతికేవారు ముందు ఆ క్రమాన్ని చూడాలి.

పాఠాంతరం

టాస్క్ యూసేజ్ వ్యూలో ఇదే వరుసకు ఎరుపు కనిపించదు. అది లోపం కాదు. పని పేరు, గడువు, తేదీ ఫైలుకు చెందినవి. రంగూ శైలీ అవి వేసిన వ్యూకు చెందినవి. పేరు మారిస్తే అన్నిచోట్లా మారుతుంది, రంగు వేస్తే వేసినచోటే ఉంటుంది. సవరించిన వ్యూ ఇతర ఫైళ్ళలోనూ కావాలంటే ఆర్గనైజర్ ద్వారా గ్లోబల్.ఎంపీటీలోకి చేర్చుకోవాలి.

విశేషం

2010 కూర్పు నుంచి మరో రెండు గుర్తులు చేరాయి. తేదీ కింద వంకర ఎర్రగీత కనిపిస్తే, చేత్తో పెట్టిన తేదీ ముందు పనితో ఉన్న లింకుకు పొసగడం లేదేమో చూడమని హెచ్చరిక. వరుస మీద కొట్టివేత గీత ఉంటే ఆ పని ఇనాక్టివ్ అయింది. ఇవీ అర్థసూచనలే, ఫాంటు పెట్టెలో వీటికి మందు లేదు.

తాత్పర్యం

వరుస వికారంగా కనిపించినప్పుడు ముందు ఇండెంట్‌ను, గడువును, లింకులను చూడాలి. అవి సరిగా ఉంటే కాలమ్ వెడల్పు చూడాలి. ఆ తరువాత చేతి రంగులను తుడిచి వర్గశైలి పెట్టాలి. శైలికి ఒదగని ఒకటి రెండు వరుసలకు మాత్రమే చేతి రంగు వేయాలి అని భావము.