కంప్యూటర్ తీసుకోదంట!

మా రోజుల్లో ఊళ్లో ఎవరికైనా ఇంటి జాగా కావాలంటే ఊరి లెక్కలు రాసే శానుభోగుల ఇంటి అరుగు ముందర నిలబడాల. వంశపారంపర్య శానుభోగులు, పటేళ్లు 1963లోనే రద్దయినారని సర్కారు చెప్పింది గానీ, ఉద్యోగం పోయినా ఆయన మాట పోలేదు. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, "లేదు పోరా" అనేవాడు. ఎందుకు లేదు స్వామీ అంటే కారణం చెప్పేవాడు. "పోయిన తిరనాళ్లలో మీ నాయన నాకు ఎదురు మాట్లాడినాడు." వినేవాడికి ఒళ్లు మండేది. అయినా లేదన్నది ఎవరో తెలుసు, ఎందుకన్నాడో తెలుసు. ఆ కారణం పట్టుకొని శిడ్లఘట్టకు పోయి తాలూకా కచేరీ ముందర రచ్చ చేయొచ్చు.

ఇప్పుడు లేదనేవాడే లేడు. పంచాయితీలో కంప్యూటర్ ముందర కూర్చునే కుర్రవాడు ఎంత మర్యాదస్తుడో! లేచి కుర్చీ వేస్తాడు, కాఫీ తాగుతారా తాతా అంటాడు. పని సంగతి ఎత్తితే మాత్రం, "నేనేం చేసేది తాతా, కంప్యూటర్ తీసుకోవడం లేదు" అంటాడు. ఎందుకు తీసుకోదంటే వానికీ తెలియదు. బెంగళూరు అంటాడు, ఢిల్లీ అంటాడు, సర్వర్ అంటాడు. సర్వర్ మీద రచ్చ చేయాలంటే ఏ కచేరీకి పోవాల?

అక్టోబరు 2 వస్తానే మా సాదలి పక్క సభల కాలం మొదలవుతుంది. 2018 నుంచి దేశమంతా ఇదే వరస. వచ్చే ఏటి డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో ఊరే కూర్చొని తీర్మానించాలంట. మా కర్ణాటకలో దీనికి 'నమ్మ గ్రామ నమ్మ యోజనె' అని ముద్దు పేరు. ముందు వార్డు సభ, తర్వాత గ్రామసభ, ఆపైన ఈ-గ్రామస్వరాజ్ అనే పోర్టల్లోకి ఎక్కించడం. నోటీసు కన్నడంలో ఉంటుంది, పోర్టల్ మొదట్లో ఇంగ్లీషులోనే ఉండేది, మేము తిట్టుకునేది తెలుగులో. సభ పెట్టేది పగలు పదకొండుకు. రాగిచేను కంకి మీద ఉండే కాలం, పట్టుపురుగులకు ఆకు కోసుకొచ్చే పొద్దు, టొమాటో పెట్టెలు చింతామణి మార్కెట్టుకు ఎక్కించే పొద్దు. కూలికి పోయేవాళ్లు ఆ పూట కూలి వదులుకొని వస్తారా? వచ్చేది నాలాంటి పనిలేని ముసలోళ్లు, కాంట్రాక్టరు తమ్ముడు. ఓటర్లలో పదో వంతో, నూరు మందో, ఏది తక్కువైతే అంతమంది ఉండాలని చట్టం. ఒక పంచాయితీలో ఆ లెక్క ఎట్ల సరిపోయిందో నేను కళ్లారా చూసినాను. రిజిస్టరు సాయంత్రం ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకొనింది. ఏ పంచాయితీ అని అడగొద్దండి, అక్కడ మాకు వియ్యంకులున్నారు.

ఒక సభలో స్మశానం దారి కావాలని అడిగినాము. వానొస్తే పాడె మోసేవాళ్ల కాళ్లు మోకాటి దాకా దిగబడతాయి. త్వరలో నేను పోవాల్సిన దారి కాబట్టి నా స్వార్థమూ ఉంది, దాచను. "అది టైడ్ గ్రాంటులో రాదు, అన్‌టైడ్‌లో డబ్బు లేదు" అన్నారు. అంటే ఏందని మనవణ్ణి అడిగి తెలుసుకున్నాను. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయితీలకు పెట్టిన లెక్కలో, నూరు రూపాయలు వస్తే అరవై ముందే ముడి వేసుకొని వచ్చేవి. ముప్పై తాగునీళ్లకు, ముప్పై పారిశుధ్యానికి. మిగిలిన నలభైలోనే దారులూ, ఊరు అడిగే తక్కినవన్నీ.

నీళ్లకు ముడి వేయడం తప్పని నేను అనను. ఏడాదంతా పారే నది ఒక్కటి లేని జిల్లా మాది. వెయ్యి అడుగులు దాటి బోరు వేస్తే పడే నీళ్లలో ఫ్లోరైడు. 1980ల్లో అబ్దుల్ నజీర్ సాబ్ మంత్రిగా ఊరూరా బోర్లు వేయించినాడు, జనం ఆయన్ను 'నీర్ సాబ్' అనే పిలిచినారు. ఆయన కాలంలోనే, 1987లో, మండల పంచాయితీలకు, జిల్లా పరిషత్తులకు ఎన్నికలు జరిగి పెత్తనం ఊరి గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు పంచాయితీ చేతిలో చిల్లర డబ్బులే. నీళ్లకు ఎంత, దారికి ఎంత అన్నది ఊరికి ఊరికి మారుతుందని ఆయనకు తెలుసు. ఢిల్లీలో కూర్చొని ముప్పై, ముప్పై అని గీత గీసిన పెద్దమనుషులు మా స్మశానానికి ఒక్కసారి వానలో రావాల. మోసుకొనే వస్తాము.

ఇళ్ల సంగతి ఇంకా తమాషా. 2011లో ఇంటింటికీ తిరిగి సామాజిక, ఆర్థిక గణన చేసినారు. 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చినప్పుడు ఆ పాత పట్టీనే ముందర పెట్టుకున్నారు. 2011లో గోలీలాడిన పిల్లలు పెళ్లాలతో వేరు కాపురం పెట్టే వయసుకు వచ్చినా, పట్టీలో ఇంకా గోలీలే ఆడుతున్నారు. తర్వాత ఆవాస్ ప్లస్ అని ఇంకో సర్వే వచ్చింది. ఆ సర్వేలు ఒక ఎత్తు, ఎవరికి ఇల్లు ఇవ్వకూడదో రాసిన షరతులు ఇంకో ఎత్తు. స్కూటర్ ఉంటే ఇల్లు లేదు. ఫ్రిజ్ ఉంటే లేదు. ల్యాండ్‌లైన్ ఫోను ఉంటే లేదు. చేపలు పట్టే మోటారు పడవ ఉన్నా లేదంట! చెరువులే ఎండిపోయే మా పక్క పడవ ఎవడికి ఉండేది? మాకు తెలిసిన ఒకతను కూతురి పెళ్లికి సెకండ్‌హ్యాండు ఫ్రిజ్ కొన్నాడు, అల్లుడు అది పాతదని వదిలేసి పోయినాడు. సర్వేవాళ్లు వచ్చినప్పుడు ఆ ఫ్రిజ్ బట్టల బీరువాగా పనిచేస్తా ఉండింది, అయినా ఫ్రిజ్ ఫ్రిజ్జే. చివరికి 2024లో స్కూటర్, ఫ్రిజ్, ఫోను, పడవ ఆ షరతుల్లోంచి తీసేసినారు, నెలకు పదివేలన్న ఆదాయం హద్దును పదిహేను వేలు చేసినారు. ఫ్రిజ్ ఉన్నవాడికి గోడ ఉండాలని లేదని తెలుసుకోవడానికి ఢిల్లీకి ఎనిమిదేళ్లు పట్టింది. పట్నాలకు 2015లోనే వేరే ఆవాస్ యోజన వచ్చింది. అక్కడ ఎట్లుందని చింతామణి నగరసభలో పనిచేసి రిటైరైన స్నేహితుణ్ణి అడిగితే, ఆయన కూడా సర్వర్ పేరే చెప్పినాడు.

ఇల్లు వచ్చినవాళ్ల సంగతి చూద్దాం. లక్షా ఇరవై వేలు, కొండ ప్రాంతం కాని ఊళ్లకు 2016 నుంచి అదే మొత్తం. కేంద్రం అరవై పాళ్లు, రాష్ట్రం నలభై. అప్పటి సిమెంటు ధరేమి, ఇప్పటి ధరేమి? కనీసం 25 చదరపు మీటర్లు కట్టాల, వంటింటితో కలిపి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా పాత ఇల్లు గుర్తొస్తుంది. రాతి కూసాలు, పైన బండలు, బండల మీద మట్టి. సగం ఇల్లు మాది, సగం పట్టుపురుగులది. పొర విడిచే నాలుగో జ్వరం లేచినాక పురుగు మేసే మేతకు, అది పరుచుకునే జాగాకు అంతు ఉండదు. తట్టలు వంటింటి దాకా వచ్చేవి, మేము దుప్పట్లు చంకన పెట్టుకొని వాకిట్లోకి పోయేవాళ్లం. గూడు కట్టే వేళకు పురుగులను ఎక్కించిన చంద్రికలు నీడపట్టున గోడకు ఆనించాలంటే వసారా ఉండాల. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టు అంత పేరు తెచ్చుకొనింది ఇట్లాంటి ఇళ్లలో నుంచే. ఇప్పుడు కట్టే ఆర్‌సీసీ పెట్టెలో ఎండాకాలం మనిషే ఉండలేడు, చల్లదనం కోరే పురుగు ఎట్ల బతుకుతుంది? భూమి, పలుకుబడి ఉన్నవాళ్లు పట్టు పరిశ్రమల శాఖ సబ్సిడీతో పురుగులకు వేరే ఇల్లు కట్టుకున్నారు. అరెకరం ఆకు తోట ఉన్నవాడు పురుగులే మానుకున్నాడు. మా పక్క ఇంటికి వసారా ఒకటి ఎక్కువ కావాలని సభలో చెప్పినాను. రాసుకోవడానికి కాలమ్ లేదంట.

ఇంకో పక్కా చెప్పాల, లేకుంటే మా ఇంటిది నన్ను బతకనీయదు. ఇప్పుడు పునాది వేస్తే ఒక జీపీఎస్ ఫోటో, లింటల్‌కు ఒకటి, మిద్దెకు ఒకటి, ఫోటో ఎక్కితే డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో. దేవరాజ అరసు ముఖ్యమంత్రిగా ఉన్న 1970ల్లో జనతా ఇళ్లు ఇచ్చినప్పుడు మధ్యలో ఎన్ని చేతులు తడిసేవో మా ఈడు వాళ్లందరికీ తెలుసు. జాగాలు ఎక్కడ ఇచ్చినారు? ఊరికి అవతల, చెరువు కింద, వానొస్తే ఊట ఎక్కే పల్లంలో. "మా రోజుల్లో ఊరంతా చావిడిలో కూర్చొని తీర్మానించేది" అని ఎవరైనా ముసలాయన చెప్తే నమ్మొద్దండి. ఊరంతా అంటే ఏడెనిమిది తలపాగాలు. ఆ పల్లంలో ఉండబోయేవాళ్లను చావిడి మెట్టు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. ఆడవాళ్లు కిటికీ సందులోంచి వినేవాళ్లు.

అందుకే మొన్న స్త్రీశక్తి సంఘం ఆమె ఒకరు లేచి మైకు అడిగినప్పుడు నేను సర్దుకొని కూర్చున్నాను. "కొత్తది తర్వాత రాద్దురు గానీ సార్, పోయినేడు రాసుకున్న పట్టీ చదవండి. ఏవి అయినాయి, ఏవి కాలేదు, ఎందుకు కాలేదు?" అంతే అడిగింది. వేదిక మీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈలోగా టీ వచ్చింది, ఫోటో తీసినారు, సభ అయిపోయింది.

ఈ సంగతి అమెరికాలో ఉన్న మా కూతురి కొడుక్కి ఫోన్లో చెప్పినాను. అక్కడా ఇట్లాంటిదే ఉందంట. 1974లో చట్టం చేసి, పేదల ఇళ్లకు, వాడల బాగుకు ఢిల్లీలాంటి పెద్ద సర్కారు నగరాలకు గ్రాంటు ఇస్తుందంట, కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్ అని. నగరం కొన్నేళ్లకు ఒక పెద్ద ప్లాను, ఏటేటా ఒక చిన్న ప్లాను వేయాల. ఆ గ్రాంటులో నూటికి కనీసం డెబ్బై పాళ్లు, తక్కువ ఆదాయం, మధ్యస్థ ఆదాయం వాళ్లకు ఉపయోగపడాల. ప్లాను అచ్చువేసి జనం మాట చెప్పడానికి కనీసం ముప్పై రోజులు గడువు ఇయ్యాల. అక్కడా సభల్లో మనుషుల కన్నా కుర్చీలే ఎక్కువ అని వాడు నవ్వినాడు. కానీ చివర్లో ఒక మాట చెప్పినాడు. ఎవరు ఏం చెప్పినారో, వాటిలో ఏది ఒప్పుకోలేదో, ఎందుకు ఒప్పుకోలేదో ఆ ప్లానుకే జతచేసి పంపాలంట.

నాకు ఆ ఒక్కటి చాలు. వచ్చే అక్టోబరు సభలో తీర్మానంగా పెట్టమని ఇప్పుడే చీటీ రాసి జేబులో పెట్టుకున్నాను. స్మశానం దారి ఇవ్వకపోతే ఇవ్వద్దు. వసారా వద్దంటే వద్దు. ఎందుకు వద్దో కాగితం మీద రాసి, కింద ఒక మనిషి సంతకం పెట్టి ఇవ్వండి, కంప్యూటర్‌ది కాదు. కన్నడంలో రాసినా సరే, ఇంగ్లీషులో రాసినా సరే, చదివించుకుంటాను. దాన్ని పట్టుకొని శిడ్లఘట్టకు పోయే ఓపిక నాకు ఇంకా ఉంది.