ఎన్నో భాగంలో ఉన్నారు?

చూస్తాననేదాకా వదలరు. చూస్తానన్నాక అసలే వదలరు. ‘ద వరల్డ్ ఎట్ వార్’ అనే డాక్యుమెంటరీ సీరియల్ పేరు నా చెవిన వేసిన నాటి నుంచీ మా తోడల్లుడు ఫోన్ చేస్తే ఒకటే ప్రశ్న: “అన్నయ్యగారూ, ఎన్నో భాగంలో ఉన్నారు?” ఇదివరకు నా బీపీ గురించి అడిగేవాడు. అదీ మానేశాడు.

“శని, ఆదివారాల్లో లాగించేయొచ్చండీ” అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం మీద బ్రిటన్‌లో థేమ్స్ టెలివిజన్ వాళ్ళు తీసింది. 26 భాగాలు, ఒక్కోటీ 52 నిమిషాలు. వెరసి ఇరవై రెండున్నర గంటలు. 1973లో మొదలుపెట్టి వారానికొకటి చొప్పున వేస్తే, అక్కడి జనం ఆర్నెల్లకు పైగా చూశారు. అసలు యుద్ధానికే ఆరేళ్ళు పట్టింది. ఈయనకు మాత్రం రెండ్రోజులు చాలు. పైగా ఆ ఆదివారమే సత్యనారాయణ వ్రతానికి సకుటుంబంగా రమ్మని పిలిచిందీ ఈయనే.

సరే, మొదలుపెట్టాను. వ్యాఖ్యానం లారెన్స్ ఆలివియర్‌ది. అంతటి నటుడూ ఎక్కడా నటించడు. వాతావరణ సూచన చదివినంత నింపాదిగా లక్షల చావులు చెప్పుకుపోతాడు. మూడు భాగాలయ్యేసరికి ఆ గొంతు నా తలలో కాపురం పెట్టేసింది. పాల ప్యాకెట్ రాలేదనుకోండి: ‘తెల్లవారింది. సరఫరా మార్గాలు తెగిపోయాయి.’ మా ఆవిడ మాటామంతీ లేకుండా సాంబారు గిన్నె దించిందనుకోండి: ‘సరిహద్దు ప్రశాంతంగా ఉంది. కానీ ఎంతకాలం?’ పక్క ఫ్లాటువాళ్ళ చుట్టాల కారు మా పార్కింగులో కనిపిస్తే: ‘ఎవరూ అడ్డుకోలేదు. అదే వాళ్ళకు ధైర్యాన్నిచ్చింది.’ అపార్ట్‌మెంట్ మీటింగులో మెయింటెనెన్స్ పెంచాలన్నారు. ‘బి బ్లాకు లొంగిపోయింది. మూడో అంతస్తు ఒంటరిగా పోరాడుతోంది.’ ఇది మాత్రం పైకే అనేశాను. సెక్రటరీగారు ఇప్పటికీ లిఫ్టులో నన్ను చూసి మెట్లెక్కి వెళ్తున్నారు.

నా అసలు కడుపుమంట ఇది కాదు. తొమ్మిదో భాగం స్టాలిన్‌గ్రాడ్. అది చూసొచ్చి, జర్మన్ల ఓటమి గురించి ఏదో అనబోయాను. తోడల్లుడు చెవులు మూసుకుని, “అయ్యో, ముందే చెప్పేయకండి అన్నయ్యగారూ, నేనింకా నాలుగో దాంట్లోనే ఉన్నా” అన్నాడు. ఇప్పుడు లోకమంతా ఇంతే. మంచివి చూసే ఓపిక లేనివాళ్ళంతా మంచివి చూడమని చెప్పే పనికి దిగారు.

గొప్ప సీరియలే, కాదనను. హిట్లర్ కార్యదర్శి ట్రౌడ్ల్ యుంగా, మంత్రి ఆల్బర్ట్ స్పీర్ తామే కెమెరా ముందు కూర్చుని చెబుతారు. వాళ్ళతో పాటు మామూలు సిపాయిలు, గృహిణులు. యుద్ధం ముగిసి అప్పటికి మూడు దశాబ్దాలు కూడా నిండలేదు. మనుషులున్నారు, వాళ్ళ జ్ఞాపకాలూ ఉన్నాయి.

పద్నాలుగో భాగం బర్మా. అక్కడ నా తలలో ఆలివియర్ నోరు మూశాడు. మా శ్రీకాకుళం వైపు కూలికి రంగం, అంటే రంగూన్, వెళ్ళినవాళ్ళు లేని ఊరు తక్కువ. 1942 మార్చిలో జపాన్ సేనలు రంగూన్ పట్టుకున్నాయి. అటూ ఇటూగా ఆ రోజుల్లో లక్షలమంది మనవాళ్ళు కొండలూ అడవులూ పడి నడుచుకుంటూ వచ్చారు. దారిలోనే రాలిపోయినవాళ్ళకు లెక్కే లేదు. వచ్చిన వాళ్ళలో ఒకాయన మా వీధిలోనే ఉండేవాడు, రంగం తాత. సాయంత్రం అరుగు మీద కూర్చుని, కనబడ్డ వాణ్ణల్లా పిలిచి ఆ నడక కథ ఎత్తుకునేవాడు. పెద్దవాళ్ళు పనుందని లేచేవారు. పిల్లలం పిలుపు వినపడగానే సందు మార్చేవాళ్ళం. ఏ కెమెరా ఆయన దాకా రాలేదు. కథ ఎప్పుడూ అరకాన్ కొండ ఎక్కుతుండగానే ఆగిపోయేది, అప్పటికి అరుగు ఖాళీ. కొండ దిగాక ఏమైందో మా వీధిలో ఎవరికీ తెలీదు. విని ఉంటే 52 నిమిషాలు కూడా పట్టేది కాదు.