స్పేరు ప్లగ్గులు

1929 చివర్లో ఆగాఖాన్ ఒక పందెం ప్రకటించాడు. ఇంగ్లండు నుంచి ఇండియాకి గానీ, ఇండియా నుంచి ఇంగ్లండుకి గానీ ఒంటరిగా విమానం నడుపుకుంటూ చేరిన మొదటి భారతీయుడికి 500 పౌన్లు బహుమతి. బయల్దేరిన నెల లోపల గమ్యం చేరాలి. పక్కన తోడు ఎవరూ ఉండకూడదు.

ముగ్గురు బరిలోకి దిగారు. ముగ్గురివీ ఒకే రకం విమానాలు, జిప్సీ మాత్‌లు. చెక్క చట్రం మీద గుడ్డ బిగించి గట్టిపడేలా పూత పూస్తే అయ్యే విమానం అది. కిందొక జత, పైనొక జత రెక్కలు. నడిపేవాడి నెత్తిన కప్పు లేదు. ఎండా, వానా, ఇసకా అన్నీ మొహానికే. గంటకి 130, 140 కిలోమీటర్లు పోతే గొప్ప. రేడియో లేదు. ఒడిలో మ్యాపు, ఎదురుగా దిక్సూచి, ముందు ఒక్కటే ఇంజను. అది ఆగితే కింద సముద్రమో, ఎడారో.

2025 మే నెలలో ఒక సాయంత్రం యర్రగొండపాలెంలో, మా చుట్టాలింటి అరుగు మీద కూర్చుని పిల్లలకి ఈ కథ చెప్పాను. ఆ పగలు చిన్న శిక్షణ విమానం ఒకటి ఊరి మీదుగా పోయింది. నాగార్జునసాగర్ దగ్గర విజయపురి సౌత్‌లో పైలట్లకి నేర్పే చోటు ఉంది, అక్కడిదే అయ్యుంటుంది. అది కనబడకుండా పోయేదాకా చూసి, ఒక పిల్లాడు అడిగాడు.

“మామయ్యా, అంత చిన్నదాంట్లో అమెరికా నుంచి రావొచ్చా?”

రావొచ్చు. అలా తెచ్చి అప్పజెప్పడమే వృత్తిగా బతికే పైలట్లు ఉన్నారు. వెనక సీట్లు పీకేసి అక్కడ పెట్రోలు ట్యాంకులు బిగిస్తారు. న్యూఫౌండ్‌లాండ్, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్కాట్లాండ్ అని ఆగుతూ ఆగుతూ అట్లాంటిక్ దాటుతారు. నీళ్ళలో పడితే చలికే ప్రాణం పోతుంది గనక, ఒంటినిండా నీరు చొరని సూటు తొడుక్కునే సీట్లో కూర్చుంటారు. ఇది విన్నాక పిల్లలు వదల్లేదు. దాంతో పందెం కథలోకి దిగాను.

ముగ్గురిలో ముందు కదిలినవాడు మన్‌మోహన్ సింగ్, రావల్పిండివాడు. విమానానికి మిస్ ఇండియా అని పేరు పెట్టుకున్నాడు. మంచులో దారి తప్పాడు. దిగకూడని చోట దిగాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి కరాచీ చేరాడు గానీ అప్పటికి నెల గడువు దాటిపోయింది, బహుమతి రాలేదు. పిల్లలకి అది అన్యాయంగా తోచింది. నాకూ చిన్నప్పుడు అలాగే తోచింది. ఆ మనిషి తర్వాత యుద్ధంలో సీప్లేన్ పైలట్‌గా పనిచేసి, 1942లో ఆస్ట్రేలియాలోని బ్రూమ్ రేవు మీద జపాన్ వాళ్ళు దాడి చేసినప్పుడు చనిపోయాడు. అతని పేరు ఇంకా చాలామందికి తెలియాల్సింది.

రెండోవాడు ఆస్పీ ఇంజనీర్. వయసు 17. ఇంగ్లండు నుంచి ఇటు బయల్దేరాడు.

మూడోవాడు జె.ఆర్.డి. టాటా. వయసు 25. అంతకు ముందు సంవత్సరమే మన దేశంలో ఇచ్చిన పైలట్ లైసెన్సుల్లో మొదటిది అందుకున్నవాడు. 1930 మే మొదట్లో కరాచీ నుంచి అటు బయల్దేరాడు.

అంటే ఒకడు ఇటు వస్తున్నాడు, ఒకడు అటు పోతున్నాడు. ఎవడు ముందు తన ఒడ్డు చేరితే వాడిదే పందెం.

“ఎడారిలో గుర్తులుండవు గదా, దోవ ఎట్టా తెలిసేది?” అంది పక్కింటి అవ్వ. ఖాళీ బిందెలు వరసగా పెట్టుకుని ట్యాంకరు కోసం మెట్టు మీద కూర్చుని ఉంది. అప్పటిదాకా వింటున్నదనే నేను అనుకోలేదు.

ఆ ప్రశ్నకి జవాబు ఉంది, నాకు చాలా ఇష్టమైన జవాబు. 1921లో జోర్డాన్ వైపు నుంచి బాగ్దాద్‌కి టపా విమానాలు నడపడానికి ఇంగ్లీషు వైమానిక దళం వాళ్ళు ఎడారి నేల మీద దారి గీశారు. బండి జాడలు నిలవని చోట నాగలి కట్టి సాలు దున్నారు. పైనున్న పైలట్ కిందికి చూస్తూ ఆ సాలు వెంటే వచ్చేవాడు.

“సాలు పట్టుకొనే వచ్చినారన్నమాట,” అంది అవ్వ. కూర్చున్న చోటనే కాస్త ముందుకి జరిగింది.

ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర అబూకీర్ అని ఇంగ్లీషు వైమానిక దళం స్థావరం ఉండేది. టాటా అక్కడ దిగేసరికి ఇంకో మాత్ నిలబడి ఉంది. అది ఆస్పీది. వాడి స్పార్క్ ప్లగ్గులు పాడయ్యాయి. ఆ ఇంజన్లో నాలుగు సిలిండర్లు, సిలిండరుకి రెండు ప్లగ్గులు. మంచి ప్లగ్గులు లేకుండా సముద్రం మీదికీ, ఎడారి మీదికీ పోవడమంటే చావుని పిలవడమే. కొత్తవి ఎప్పుడొస్తాయా అని ఆ పిల్లాడు ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

టాటా దగ్గర స్పేరు ప్లగ్గులున్నాయి.

ఇక్కడ కథ ఆపాను. “మీరైతే ఏం చేస్తారు?” అని పిల్లల్ని అడిగాను.

“ఇయ్యకూడదు మామయ్యా!” ఇద్దరు ముగ్గురు ఒకేసారి అరిచారు. “ఇస్తే వాడే గెలుస్తాడు గదా!” ఒక ఆడపిల్ల మాత్రం, “పాపం, వాడు చిన్నోడు గదా,” అంది.

టాటా ఇచ్చాడు. ఇవ్వకుండా పెట్రోలు పోసుకుని వెళ్ళిపోయినా తప్పుపట్టేవాడు అక్కడ ఎవడూ లేడు. పందెం నియమాల్లో పోటీవాడికి సాయపడమని ఎక్కడా లేదు. పైగా ముందున్నది మధ్యధరా సముద్రం. స్పేరు ప్లగ్గుల అవసరం తనకీ రావొచ్చు. అయినా ఇచ్చాడు. వాడు తూర్పుకి, తను పడమరకి ఎగిరిపోయారు.

ఆస్పీ ముందుగా కరాచీలో దిగాడు. టాటాకి పందెం చేజారింది కొద్ది గంటల తేడాతోనే.

పిల్లలు నెత్తి కొట్టుకున్నారు. ప్లగ్గులిచ్చినందుకే ఓడిపోయాడని ఒకడు తేల్చేశాడు. కావచ్చు. అయితే ఆ గెలుపు పేరు ఆ కుర్రవాడికి వైమానిక దళంలో చేరడానికి అక్కరకొచ్చిందని టాటా తర్వాత సంతోషంగానే చెప్పుకున్నాడు. ఆ కుర్రవాడే 1960లో భారత వైమానిక దళానికి అధిపతి అయ్యాడు. టాటా కూడా చెడిపోయిందేమీ లేదు. 1932 అక్టోబరు 15న తనే కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడుపుకొచ్చాడు. అక్కణ్ణుంచి ఆ టపా బళ్ళారి మీదుగా మద్రాసు చేరింది. మన దేశపు విమాన సర్వీసు అలా మొదలైంది. మనుషులు గొప్పవాళ్ళయ్యేది గెలిచిన రోజున కాదని నేను నమ్ముతాను, అందుకే ఆ కథ అంత ఇదిగా చెబుతాను.

పిల్లలు చేతులు చాపి విమానాలై వీధిలోకి పరుగెత్తారు. ట్యాంకరు ఇంకా రాలేదు.

“అబ్బయ్యా, ఆ పదిహేడేళ్ళ పిల్లోడికి ఇంగ్లండు నించి కరాచీకి ఎన్ని దినాలు పట్టిందన్నావు?” అంది అవ్వ.

“మూడు వారాలు కూడా పట్టలేదవ్వా.”

“నడమ సముద్రముండాది. ఎడారుండాది.”

“అవునవ్వా.”

“మన వెలిగొండ సొరంగం ఎంత పొడుగుంటాది?”

“దాదాపు 19 కిలోమీటర్లు.”

వెలిగొండ గురించి ఆ పక్క ఎవరికీ చెప్పనక్కర్లేదు. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర కృష్ణ నీళ్ళు పట్టి, నల్లమల కడుపులోంచి రెండు సొరంగాల్లో దోర్నాల వైపుకి తేవాలి. ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిన ఊళ్ళకి మంచినీళ్ళు, నాలుగు లక్షల పైచిలుకు ఎకరాలకి సాగునీళ్ళు. శంకుస్థాపన 1996లో జరిగింది. రెండో సొరంగం తవ్వకం పూర్తయ్యేసరికి 2024 వచ్చింది. మేము మాట్లాడుకుంటున్న ఆ సాయంత్రానికి అటు నుంచి ఆ వీధికి ఒక్క బిందెడు నీళ్ళు రాలేదు.

“రాయి ఏసిన యేడు మా మనమడు కోడలి కడుపులో ఉండాడు,” అంది అవ్వ. “ఇప్పుడు వాడి బిడ్డ బడికి పోతాంది. ఇదిగో, ఇందాక నీ ముందర కూసోనుండె, ‘పాపం చిన్నోడు’ అనింది, అదే.”

నేను మాట్లాడలేదు.

“ఈళ్ళొస్తే ఆళ్ళు మొదలుపెట్టిందంటారు. ఆళ్ళొస్తే ఈళ్ళు చేసిందంటారు.” బిందెలు దగ్గరికి జరుపుకుంటూ నా మొహంలోకి చూసింది. “పోటీవోడికి ప్లగ్గులిచ్చే మనిసి మన పక్క ఒక్కడన్నా పుట్టలేదా నాయనా?”