లూపు బావ

పాల్వంచలో మా బావ గదిలోంచి "రెండో హెచ్చరిక దాటింది!" అని కేక వినబడితే కొత్తవాళ్ళు హడలిపోతారు. గోదారి అక్కడికి దగ్గరేం కాదు, పైగా ఏప్రిల్ నెల. మేం మాత్రం టీ తాగుతూనే ఉంటాం. అది నది సంగతి కాదు, కంప్యూటర్ ప్రాసెసర్ వేడి.

భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. బావ అడుగులు తీసేసి డిగ్రీలు పెట్టుకున్నాడు. 71.3 అంటే 2022 జూలై వరద. 75.6 అంటే 1986 నాటిది. మా మేనల్లుడు ఏదైనా గేమ్ పెడితే చాలు, "ఎనభై ఆరు వరద కూడా దాటిందిరా, ఆపెయ్!" అని మొత్తుకుంటాడు. వాడు ఆపడు. ఆ పెట్టె అంతకన్నా వేడిని తట్టుకుంటుందని వాడికి తెలుసు.

ఈ వరదకి బావ కట్టబోయే ఆనకట్ట పేరు లూపు. ప్రాసెసర్ నెత్తిన రాగి దిమ్మె, దాని కడుపులో వెంట్రుకల్లాంటి కాలువలు. పంపు నీళ్ళను తోస్తే, అవి వేడిని మోసుకెళ్ళి రేడియేటర్లో దించి మళ్ళీ తిరిగొస్తాయి. ఇదంతా బిగించేసి తయారుగా డబ్బాలో దొరుకుతుంది. కొనుక్కోవచ్చు కదా అంటే, "కొన్న పచ్చడీ ఒక పచ్చడేనా?" అంటాడు. ఈయన లూపు పచ్చడి నాలుగేళ్ళుగా ఊరుతూనే ఉంది.

ఇలాంటివాళ్ళు ఊరికొకరుంటారు. పెళ్ళికన్నా పెళ్ళిచూపులు ఇష్టమైన జాతి. వీళ్ళు వస్తువు కొనరు, దానికి సంబంధాలు చూస్తారు. ఎవరో ఇచ్చిన సింగరేణి డైరీలో జనవరంతా పంపులు, ఫిబ్రవరంతా మరలు. రాగి దిమ్మెకి అల్యూమినియం రేడియేటర్ జోడీ కడితే, ఒకే నీళ్ళలో ఆ రెండూ పడక అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుందట. "జాతకాలు కుదర్లేదు" అని మార్చి పేజీ మొత్తం కొట్టేశాడు.

చేతితో చేసిన పని ఒక్కటుంది. గట్టి గొట్టం వంచాలంటే లోపల సిలికాన్ తాడు దూర్చి, పైన వేడిగాలి కొట్టి, మెత్తబడ్డాక నెమ్మదిగా తిప్పాలి. సాధన కోసం తెచ్చిన మీటరు గొట్టాన్ని బావ వంటింటి గట్టు మీద పెట్టి, నుదుటికి తువ్వాలు చుట్టుకుని కూచున్నాడు. తొంభై డిగ్రీల మలుపు రావాలి. జంతిక వచ్చింది. అక్క దాన్ని కాకరపాదుకి ఊతంగా పెట్టింది. మొన్న వెళితే దానికి రెండు పిందెలున్నాయి.

అసలు దెబ్బ కొట్టింది థర్మల్ ప్లాంటులో రిటైరైన పక్కింటి బాబాయ్. డైరీ అంతా తిరగేసి, "మా కూలింగ్ టవర్లో నీళ్ళు పైనుంచి జల్లుగా పడతాయిరా. కొంత ఆవిరవుతూ మిగతా నీళ్ళ వేడిని పట్టుకుపోతుంది. అందుకే గాలికన్నా చల్లబడగలవు. మీ ఆవిడ నీళ్ళు పోసే రంజను కుండా అంతే. నీ గొట్టాల్లో ఆవిరి పోయే దారేది? గది 44 ఉంటే నీ నీళ్ళు 44 నుంచి కిందికి దిగవు" అన్నాడు. బావ వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. అంటే మే నెలలో కంప్యూటర్ పెట్టకముందే మొదటి హెచ్చరిక దాటినట్టు!

కూలింగ్ టవర్లంటే బావకి ముందునుంచీ మోజే. 2024 ఆగస్టులో మా ఊరి థర్మల్ ప్లాంటు కేటీపీఎస్‌లో పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూల్చినప్పుడు, జనం ఫోన్లెత్తి వీడియోలు తీస్తుంటే ఈయనొక్కడే "ఎన్ని రేడియేటర్ల పెట్టు!" అని నిట్టూర్చాడు.

బాబాయ్ దెబ్బకి మూడు రోజులు మౌనం. నాలుగో రోజు కొత్త పేజీ. రేడియేటర్ని కిటికీ అవతల పెడితే? గొట్టాన్ని సంపులో ముంచితే? "థర్మల్‌కి కిన్నెరసాని నీళ్ళు చాలుతుంటే నాకు సంపు చాలదా?" ఆ ఊపులో అశ్వాపురం భారజల కర్మాగారం మీదా కన్నేశాడు. భారజలం మామూలు నీళ్ళకన్నా దాదాపు పదో వంతు బరువెక్కువ కాబట్టి, వేడినీ అంత ఎక్కువ మోస్తుందేమోనని ఆశ. బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అది అణు రియాక్టర్లకు పోసేదిరా, నీ కొడుకు గేముకి కాదు" అన్నాడు.

చివరికి బ్యాటరీ షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్ అయిదు లీటర్ల క్యాన్ తెచ్చాడు. మొత్తం పథకంలో డబ్బులిచ్చి కొన్న రెండో వస్తువది. మర్నాడు కరెంటు పోయింది. ఇన్వర్టర్ కూతపెట్టింది. బ్యాటరీలో నీళ్ళు తగ్గాయని అక్క ఆ క్యాన్ తీసి ఒక్కో మూతలో పోసింది. ఆ వేసవంతా ఫ్యాన్లు ఆగలేదు. బావ మాత్రం ఆ మిగిలిన లీటరున్నరని చాలా రోజులు దిగులుగా చూస్తుండేవాడు.

ఇంతలో మా మేనల్లుడు ఆయన లేనప్పుడు కంప్యూటర్ని రిపేరు షాపుకి మోసుకుపోయాడు. అక్కడి కుర్రాడు బ్లోవర్ పెడితే దోసెడు బూడిదరంగు దుమ్ము లేచింది. ఫ్యాను రెక్కలు అసలు రంగులో కనబడ్డాయి. ప్రాసెసర్ మీద ఎండి అట్టకట్టిన పేస్టు గీకి, కొత్తది బఠాణీ గింజంత పెట్టాడు. మూడొందలు. వేడి ఒక్కసారిగా మూడో హెచ్చరిక కిందికి వచ్చేసింది.

బావకి చెప్పలేదు. వానలు మొదలయ్యాయి గదా, అందుకని తగ్గిందనుకుంటున్నాడు.

పోయిన ఆదివారం వెళ్ళాను. బయట జడివాన. బావ మంచం మీద బోర్లా పడుకుని డైరీలో ఏదో గీస్తున్నాడు. సెప్టెంబరు పేజీ, గొట్టం రంగులు.

"ఎప్పుడు బిగిస్తున్నావు బావా?"

"ఈ వానల్లో ఎందుకురా? ఎండాకాలం రానీ."

వంటింట్లోంచి అక్క అరిచింది: "గోదారి ఎంతుంది?"

బావ మెడ సాచి మానిటర్ చూశాడు. "నలభై ఒకటి."

"అయితే లేచి అన్నానికి రండి, చారు చల్లారిపోతోంది."