మౌస్‌తో పాప్ స్మియరా?

మా రోజుల్లో పాప్ స్మియర్ చదవడమంటే కుడి చెయ్యి స్టేజి స్క్రూ మీద, ఎడమ చెయ్యి ఫైన్ ఫోకస్ మీద. ఇప్పుడు మా శిష్యుడి ల్యాబ్‌కి వెళితే మైక్రోస్కోపుకి ముసుగేసి మూల కూర్చోబెట్టారు. స్కానరు ఫోటోలు తీసిన గర్భాశయ ముఖద్వారపు కణాలన్నీ మానిటర్ల మీద తళతళలాడుతున్నాయి. "మెడ పట్టేయదు సార్, మౌస్ తిప్పితే చాలు" అంటాడు. మెడ పట్టేసేదాకా చూడటమే కదయ్యా స్క్రీనింగంటే!

టెన్ ఎక్స్ లెన్సు కింద స్లైడు ఈ చివరి నుంచి ఆ చివరికి, ఫీల్డు మీద ఫీల్డు కాస్త కలిసేలా, చేను దున్నినట్టు ఒక్క చాలూ తప్పకుండా నడపాలి. నారింజ, గులాబీ రంగుల్లో సూపర్‌ఫీషియల్ కణాలు, నీలం కలిసిన పచ్చలో ఇంటర్మీడియట్ కణాలు, అలా పోతూనే ఉంటాయి. ఉన్నట్టుండి ఓ చిన్న గుంపు. కణం చిన్నది, న్యూక్లియస్ పెద్దది, నల్లగా, అంచు వంకర. చెయ్యి దానంతటదే ఆగేది. ఫైన్ ఫోకస్ కొంచెం అటూ ఇటూ తిప్పితే పై పొర కరిగి కింది పొర తేలేది. మామూలు కణాలే ఒకదాని మీదొకటి పడ్డాయా, లేక నిజంగా క్యాన్సరుకి దారితీయగల హెచ్‌సిల్ కణాలా అన్నది ఆ తిప్పడంలోనే తేలేది. తెర మీది బొమ్మకి ఆ లోతేదీ? అడిగితే జెడ్ స్టాక్ అన్నాడు. ఒకే చోటును పొరలు పొరలుగా ఫోటోలు తీసి పేరుస్తారట. దాంతో ఒక్క స్లైడే గిగాబైట్లకు గిగాబైట్లు మింగేస్తుంది. మా స్లైడు అట్టపెట్టెలో ఏళ్ల తరబడి పైసా కరెంటు అడక్కుండా పడి ఉండేది.

అనుమానపు కణాలను కంప్యూటరు ఏరిపెట్టడమూ కొత్త ముచ్చటేం కాదు. అమెరికాలో 1995లోనే పాప్‌నెట్ అనే మిషన్‌కి ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. నాలుగు రోజులు హడావుడి చేసి కనుమరుగైంది. 2024లో హోలాజిక్ వాళ్ల జీనియస్ వంతు వచ్చింది. స్లైడంతా ఫోటో తీసి, అనుమానం తగిలిన కణాలను వరసగా ముందు పెడుతుంది. ఏరినవి సరే, ఏరనివో? "కావాలంటే మొత్తం స్లైడు చూడొచ్చు సార్" అంటాడు. చూడొచ్చు నాయనా, చూసేదెవరు? మామూలు కణాల మధ్య రోజుల తరబడి తిరిగితేనే కదా తేడా కణం కంట్లో పడేది.

అలాగని మనిషి కన్ను మహా గొప్పదని అనను. సాయంత్రం అయిదింటి స్లైడు పొద్దున పదింటి స్లైడంత మర్యాద పొందదు. రోజంతా గొడ్డుచాకిరీ చేయించి స్లైడ్లు చదివించే అమెరికా ల్యాబుల బండారం 1987లో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. మరుసటేడు చట్టం తెచ్చారు. ఒక మనిషి రోజుకు 100 స్లైడ్లు దాటి చదవకూడదన్న కట్టడి అందులోంచి పుట్టిందే.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. అప్పట్లో రెండో అభిప్రాయం కావాలంటే స్లైడుకి దూది చుట్టి, డబ్బాలో పెట్టి, హైదరాబాద్ బస్సుకి పార్సిల్ వేసేవాళ్లం. ఓసారి అక్కడ డబ్బా విప్పితే గాజు పెంకులు. కూలి మానుకుని పల్లె నుంచి వచ్చిన ఆడమనిషి మళ్లీ స్మియర్ ఇమ్మంటే వస్తుందా? ఇప్పుడు లింకు పంపితే ఎక్కడున్న పెద్ద డాక్టరైనా టీ తాగేలోపు చూసేస్తున్నాడు.

కానీ స్లైడే చెడితే కెమెరా ఏం చేస్తుంది? స్పాచులాతో తీసిన సరుకు గాజు మీద రాసీ రాయగానే 95 శాతం ఆల్కహాల్లో ముంచాలి. ఫోన్లో కబుర్లు చెబుతూ ఆరబెట్టారా, న్యూక్లియస్ ఉబ్బి వెలిసిపోతుంది. లక్షలు పోసిన స్కానరు ఆ మసకనే మహా స్పష్టంగా చూపిస్తుంది.

నాకు ఒళ్లు మండేది మరొకటుంది. గాజు అతికించే డీపీఎక్స్ జిగురు ఎక్కువైనా, కవర్‌స్లిప్ కింద గాలిబుడగ మిగిలినా స్కానరుకి ఫోకస్ కుదరదు, స్లైడు వెనక్కి కొడుతుంది. దాంతో ల్యాబ్ కుర్రాళ్లందరూ కవర్‌స్లిప్‌ని ఏటవాలుగా, ఊపిరి బిగబట్టి దించుతున్నారు. ఇన్నేళ్లు నేను గొంతు చించుకుని చెప్పింది అదే కదా! అప్పుడు పెద్దాయన చాదస్తం అని నవ్వుకున్నవాళ్లే, ఇప్పుడు మిషన్ ఒక్కసారి కుయ్యిమంటే చాలు, కిక్కురుమనకుండా స్లైడు జైలీన్లో నానేసి మళ్లీ మౌంట్ చేస్తున్నారు.