రద్దీ రోజే బయలుదేరండి

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఇళ్ళకు బంధువులు వస్తున్నారంటే పెద్దవాళ్ళు ఇచ్చే సలహా ఒకటే. గురువారం మంత్రాలయం వద్దు, జనం. శ్రావణ సోమవారం ఉరుకుంద వద్దు, జనం. తేరు నాడు ఎమ్మిగనూరు వద్దే వద్దు, అయిపోయినాక తీరిగ్గా పోదాం. ఈ సలహా విని జనం లేని రోజు ఏరుకుని వెళ్ళి, గంటలో చూసేసి, ‘ఏముందప్పా అక్కడ’ అంటూ తిరిగొచ్చేవాళ్ళను నేను చాలామందిని చూశాను. అక్కడ ఏమీ లేని రోజున వెళ్ళారు మరి. నా సలహా దీనికి తలకిందులు. ఏ రోజు ఎక్కడ జనం ఎక్కువో ముందుగా కనుక్కోండి. ఆ రోజు అక్కడికే వెళ్ళండి.

ఖాళీ రోజు కోసం వెతకడం మనకు కొత్తగా పట్టుకున్న అలవాటు. అమెరికాలో ఓర్లాండో దగ్గర డిస్నీ వాళ్ళవి నాలుగు పార్కులున్నాయి. 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్ తెరిచారు, 1982లో ఎప్‌కాట్, 1989లో సినిమా స్టూడియోల పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్. సెలవుల్లో తల్లిదండ్రులను తీసుకుని అక్కడికి వెళ్ళే మన పిల్లలు ఏ రోజు ఏ పార్కులో రద్దీ తక్కువో చెప్పే క్యాలెండర్లు ముందేసుకుని, సోమవారం ఇది, మంగళవారం అది అని నెలల ముందే రాసుకుంటారు. వాళ్ళ లెక్కకు అర్థం ఉంది. అక్కడ చూడవలసింది యంత్రం. రోలర్ కోస్టర్ ఎక్కినవాడికి వెనక నిలబడ్డవాడితో పని లేదు. వాడు లేకపోతే ఇంకోసారి ఎక్కవచ్చు. 1999లో డిస్నీ ఉచితంగా మొదలుపెట్టిన ఫాస్ట్‌పాస్ పోయి, ఇప్పుడు డబ్బు కడితే ముందుకు పంపే దారి వచ్చిందంటే పక్కమనిషి అక్కడ ఎంత అడ్డమో తెలుస్తుంది.

మన ఆదోని వైపు మండలాల్లో ఆ లెక్క చెల్లదు. తేరును ఇంజను లాగదు, మోకు పట్టుకున్న చేతులు లాగుతాయి. తేరు మీదికి అరటిపండు విసరాలంటే విసిరేవాళ్ళు ఉండాలి. జనాన్ని తీసేస్తే మిగిలేది షెడ్డులో నిలిపిన చెక్కబండి, ఊడ్చిన మైదానం. దాన్ని చూడటానికి హైదరాబాదు నుంచి రానక్కరలేదు.

కాబట్టి శ్రావణమాసంలో మా వైపు వచ్చేవాళ్ళు వారాన్ని ఇలా పంచుకోండి. సోమవారం కౌతాళం మండలంలోని ఉరుకుంద, నరసింహ ఈరన్న స్వామి. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మూడు రాష్ట్రాల పల్లెలూ అక్కడ కలుస్తాయి. కన్నడమూ తెలుగూ ఒకే వాక్యంలో మాట్లాడే మనుషులు మీ పక్కనే నిలబడతారు. గురువారం మంత్రాలయం. శనివారం ఆదోని రణమండల కొండ మీద ఆంజనేయస్వామి, తెల్లవారకముందే మెట్లెక్కండి. మిగతా రోజులు ఇంట్లో పడుకోండి, లేదా ఆదోని కోట చూడండి. కోటకు రద్దీ రోజు అంటూ లేదు గనక ఎప్పుడైనా ఒకటే. కౌతాళంలోని ఖాదర్‌లింగ దర్గాకు మాత్రం ఉరుసు నాడే వెళ్ళాలి. హిందువులూ ముస్లింలూ ఒకే గుమ్మం ముందు నిలబడటం చూడాలంటే అదే రోజు.

మంత్రాలయం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1671లో రాఘవేంద్రస్వామి అక్కడ బృందావన ప్రవేశం చేశారు. అప్పుడది మంచాల గ్రామం. ఆ ఊరిని స్వామికి ఇచ్చింది ఆదోనిని ఏలిన సిద్దీ మసూద్ ఖాన్ అని మా వైపు అందరికీ తెలిసిన కథే. శ్రావణ బహుళ పాడ్యమి, విదియ, తదియల్లో పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన జరుగుతాయి. మధ్యారాధనకు తిరుమల నుంచి శ్రీవారి వస్త్రాలు వస్తాయి. ఉత్తరారాధన నాడు మహారథం కదులుతుంది. ఈ మూడు రోజుల్లో ఒక్క రోజైనా అక్కడ ఉండండి. గది దొరకదని బెంగపడకండి, దొరకదు. తుంగభద్ర ఒడ్డున, మఠం ప్రాకారాల పక్కన చాప పరుచుకుని పడుకునే వందల కుటుంబాల్లో మీరూ ఒకరవుతారు. పక్క చాపవాళ్ళు రాయచూరు వాళ్ళో షోలాపూరు వాళ్ళో అయి ఉంటారు. వాళ్ళ డబ్బాలోంచి జొన్నరొట్టె, శెనగపొడి మీ చేతికి వస్తుంది. లాడ్జి గదిలో తలుపు వేసుకుంటే ఇది దొరకదు. ఒక్క మాట మరవద్దు: మొదట గ్రామదేవత మంచాలమ్మ దర్శనం, ఆ తర్వాతే బృందావనం. రద్దీలో చాలామంది ఆ వరస తప్పుతారు.

‘గురువారం జనం కదా, అందుకే మేం బుధవారం పోతాం’ అనేవాళ్ళకు ఒక సంగతి చెబుతాను. 1994లో డబ్ల్యూ. బ్రయన్ ఆర్థర్ అనే ఆర్థికవేత్త ఒక లెక్క వేశాడు. అమెరికాలోని శాంటాఫేలో ఎల్ ఫరోల్ అనే బార్ ఉంది. అక్కడ గురువారం రాత్రి పాటలు. ఊళ్ళో వందమంది వెళ్ళాలనుకుంటారు. అరవైమంది కంటే తక్కువ వస్తేనే హాయి, మించితే ఇరుకు. ఎంతమంది వస్తారో ఎవరికివారు ఊహించుకుని నిర్ణయించుకోవాలి. అందరూ ఒకే రకంగా ఆలోచించి ‘ఈసారి జనం తక్కువ’ అనుకుంటే అందరూ వస్తారు. ‘ఎక్కువ’ అనుకుంటే ఒక్కరూ రారు. ఏ ఊహ అందరికీ నచ్చితే ఆ ఊహే తప్పిపోతుందని ఆయన తేల్చాడు. బుధవారం వెళ్ళే తెలివి మీ ఒక్కరికే వచ్చిందనుకోకండి. అదే తెలివితో బయలుదేరిన కార్లు మాధవరం రోడ్డు మీద మీ ముందే ఉంటాయి. అప్పుడు మీకు ఇరుకూ తప్పదు, గురువారపు పూజా దక్కదు. గురువారమే వెళ్ళేవాడి ఊహ మాత్రం ఏనాడూ తప్పదు.

ఇక ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర. పుష్య పౌర్ణమి రోజుల్లో తేరు. ఆ తర్వాత కూడా అంగళ్ళు చాలా రోజులు ఉంటాయి. అందుకే ‘తర్వాత పోదాం’ అనే మాట అందరి నోటా వినిపిస్తుంది. మా పిల్లలకు అసలైన వినోదాల పార్కు ఇదే. జైంట్ వీల్, ఊగే కొలంబస్ ఓడ, బావిలో మోటారు సైకిలు, రంగులరాట్నం, బెండు బత్తాసులు, గాజుల అంగళ్ళు. టికెట్టు కొని లోపలికి పోయే గేటు లేదు.

ఇక్కడ జైంట్ వీల్ సంగతి శ్రద్ధగా వినండి. ఆ చక్రం ఒక పక్కనే బరువెక్కితే నడవదు. అందుకని నడిపేవాడు ఒక తొట్టిలో మనుషులను ఎక్కించి, సగం తిప్పి, ఎదురు తొట్టి నింపి, మళ్ళీ కాస్త తిప్పి ఇంకో తొట్టి నింపుతూ పోతాడు. జనం లేని రోజు ఏమవుతుంది? మీరు ఎక్కుతారు. మిమ్మల్ని పైకి తీసుకుపోయి ఆపుతాడు. ఎదురు తొట్టికి మనుషులు దొరికేదాకా చలిగాలిలో మీరు అక్కడే వేలాడుతూ ఉండాలి. కింద అతను గొంతు పోయేలా పిలుస్తూ ఉంటాడు. చివరికి సగం తొట్లతో నాలుగు చుట్లు తిప్పి దించేస్తాడు. డీజిలు ఖర్చు అతనికీ ఉంది కదా. తేరు నాడు అయితే ఒక తొట్టి దిగుతుండగానే ఇంకో గుంపు సిద్ధం. చక్రం నిండుగా, నిదానంగా, ఊపు తగ్గకుండా తిరుగుతుంది. బావిలో మోటారు సైకిలు నడిపేవాడు కూడా చుట్టూ తలలు నిండితేనే చేతులు వదిలి తిప్పుతాడు. పదిమంది కోసం ప్రాణం పణంగా పెట్టమని అతన్ని మనం అడగకూడదు కూడా.

హైదరాబాదుకే పిల్లలను తీసుకుపోతామంటే అక్కడా ఇదే సలహా. 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లాలో అలల కొలను ఉంది. అందులో దిగాలంటే సెలవు రోజే మేలు. అల లేచినప్పుడు అందరూ కలిసి వేసే కేక లేకపోతే అది ఉత్త నీళ్ళతొట్టి.

తిండి విషయంలో నా మాట ఇంకా గట్టిగా నమ్మండి. ఉగ్గాని బజ్జి తినాలంటే జనం మూగిన బండి దగ్గరే తినండి. బొరుగులు తడిపి, పిండి, తిరగమోతలో వేసిన కాసేపటిలో తింటేనే ఉగ్గాని. చల్లారితే గట్టిపడుతుంది. మిరపకాయ బజ్జి సంగతి చెప్పనే అక్కరలేదు. రద్దీ రోజున బాణలి ఖాళీ అయ్యే సందుండదు, మీ పొట్లంలోకి వచ్చేది ఇప్పుడే తీసిన వాయి. ఖాళీ రోజున పొద్దున వేసినవే మళ్ళీ నూనెలో ముంచి ఇస్తారు. బండివాళ్ళ తప్పు లేదు, కొనేవాళ్ళు లేక అలా అవుతుంది. బట్టలకూ ఇదే వర్తిస్తుంది. ఆదోని బట్టల బజారుకు రంజాను ముందు రాత్రుల్లోనో దసరా ముందు వారంలోనో వెళ్ళండి. కొత్త సరుకు అప్పుడే దించుతారు. సీజను అయిపోయినాక తీరిగ్గా చూపించేది మిగిలిపోయిన రంగులే.

బస్సుల్లో చోటు లేదని ఆగిపోకండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. మా అవ్వలు, అక్కలు ఎవరినీ డబ్బు అడగకుండా జాతరకు వస్తున్నారు. బస్సు కిక్కిరిసిందంటే దానికి అదీ ఒక కారణం, నాకు అది సంతోషమే. ఆదోని నుంచి రైలులో మంత్రాలయం రోడ్డు స్టేషనుకు పోయి అక్కడ ఆటో ఎక్కే దారీ ఉంది. పెద్ద రోజుల్లో ఆర్టీసీ వాళ్ళు అదనపు బస్సులు వేస్తారు, రాత్రి పొద్దుపోయేదాకా తిరుగుతాయి. మామూలు రోజున ఆఖరి బస్సు తప్పితే ఉరుకుందలో మీకు తోడు కుక్కలే.

తొక్కిసలాట భయం గురించి దాటవేయను. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. అదే ఏడాది నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో తొమ్మిదిమంది పోయారు. ఆ వార్తలు చదివి నిద్ర పట్టనివాళ్ళలో నేనూ ఉన్నాను. అయితే మనుషులను చంపేది ఇరుకైన మూతి. చిన్న గేటు, మెట్ల దారి, ఒక్కసారిగా తెరిచిన తలుపు. విశాలమైన మైదానంలో లక్షమంది ఉన్నా గాలి ఆడుతుంది, అదే మెట్ల మీద వందమంది చాలు ప్రమాదానికి. చదరపు మీటరుకు ఐదుగురు దాటితే అడుగు మన చేతిలో ఉండదని గుంపులను అధ్యయనం చేసినవాళ్ళు చెబుతారు. కాబట్టి రద్దీ రోజు వెళ్ళండి గానీ మూతి దగ్గర నిలబడకండి. తేరుకు ముందు, చక్రాల పక్కన వద్దు. మోకు పట్టుకోవాలనుంటే చివరి కొస పట్టుకోండి. చెప్పు జారితే వంగి తీయకండి, పోనీండి. నెట్టుడు మొదలైతే చేతులు రెండూ ఛాతీ ముందు మడిచి, ఎదురీదకుండా, ఏటవాలుగా అంచుకు జరగండి. పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను దుకాణం అరుగు మీద కూర్చోబెట్టండి, అక్కడినుంచి తేరు బాగా కనిపిస్తుంది.

ఒక్కచోటికి మాత్రం ఈ సలహా తీసుకుపోవద్దు. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవం, బన్ని. ఉత్సవమూర్తుల కోసం ఊళ్ళవాళ్ళు కర్రలతో తలపడతారు. ఏటా తలలు పగులుతాయి, పోలీసులు ఎంత కాపలా ఉన్నా ఆగదు. పిల్లలతో ఆ రాత్రి అక్కడ ఉండకండి.

జనం ఉన్న రోజే రమ్మని ఇంతగా అడగడానికి అన్నిటికంటే పెద్ద కారణం చివరికి ఉంచాను. కోసిగి, కౌతాళం, హొళగుంద మండలాల్లో వానలు మొండికేస్తే ఇళ్ళకు ఇళ్ళే సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు, బెంగళూరుకు కట్టడం పనులకు. బడికి పోవలసిన పిల్లలూ వెంట పోతారు. మామూలు రోజున ఆ పల్లెల మీదుగా మీరు కారులో వస్తే కనిపించేది తాళాలు, అరుగుల మీద ముసలివాళ్ళు. ఆ తాళాలు వేసినవాళ్ళు ఎక్కడున్నా పండక్కో తేరుకో ఒక్క పూటైనా రావాలని చూస్తారు. కూలి డబ్బుతో పిల్లకు గాజులు, అవ్వకు చీర కొనేది ఆ జాతర అంగట్లోనే. మిమ్మల్ని తోసుకుంటూ ముందుకు పోతున్న మనిషి ఏడాదిలో సొంత ఊళ్ళో గడిపే కొద్ది రోజుల్లో అది ఒకటి కావచ్చు. ఆయనకు దారి ఇవ్వండి, పక్కనే నడవండి, ఏ ఊరన్నా అని పలకరించండి. ఆ మనుషులను కలవకుండా ఆదోని, ఎమ్మిగనూరు చూశామని చెప్పుకోవద్దు.

మీ ఇంటికి బంధువులు వస్తామన్నప్పుడు పుష్య పౌర్ణమి ఈసారి ఏ తేదీనో క్యాలెండరులో చూసి చెప్పండి. జనం తగ్గాక వద్దామని తర్వాతి వారానికి టికెట్టు తీసుకుని ఉంటే, దాన్ని తేరు రోజుకు మార్చుకోమనండి.